డైఅయోడోటైరోసిన్: హార్మోను కాని ఈ అణువును థైరాయిడ్ గ్రంథి అంత ఎక్కువగా ఎందుకు తయారుచేస్తుంది?

జీవరసాయన_విద్యార్థిని
శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. థైరాయిడ్ హార్మోన్ల పాఠం దగ్గర ఒక సందేహం పట్టుకుంది. నేను చూసిన పుస్తకాలు దాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తున్నాయి.

టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఒక అయోడిన్ పరమాణువు చేరితే మోనోఅయోడోటైరోసిన్, రెండు చేరితే డైఅయోడోటైరోసిన్. పొడుగు పేర్లు కాబట్టి ఇకపై ఎంఐటీ, డీఐటీ అని రాస్తాను. రెండు డీఐటీలు కలిస్తే టీ4, అంటే థైరాక్సిన్. ఒక ఎంఐటీ, ఒక డీఐటీ కలిస్తే టీ3. ఇంతవరకు అర్థమైంది.

అయితే గ్రంథిలో నిల్వ ఉన్న అయోడిన్‌లో సగానికి పైగా ఈ ఎంఐటీ, డీఐటీల రూపంలోనే ఉండిపోతుందట. అవి జతకట్టవు, హార్మోను కావు. పెద్దవాళ్ళకు రోజుకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములే అయినా, అది కూడా అందని ప్రాంతాలు ఎన్నో ఉన్నాయి. అంత అరుదైన సరుకును హార్మోను కాని అణువుల మీద ఎందుకు వెచ్చించాలి? జతకట్టని డీఐటీ చివరికి ఏమవుతుంది? ఎవరైనా ఓపికగా చెబితే సంతోషం.


అణువుల_బడి
శుక్రవారం, రాత్రి 10:40

చాలా మంచి ప్రశ్న అమ్మా. నేను ముప్ఫై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను, ఈ ప్రశ్న అడిగిన విద్యార్థులు అరుదు. కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. అయోడిన్ చేరేది విడిగా తిరిగే టైరోసిన్‌కు కాదు. థైరోగ్లోబ్యులిన్ అనే భారీ ప్రొటీన్ గొలుసులో భాగంగా ఉన్న టైరోసిన్‌కు. ఈ ప్రొటీన్ రెండు సమానమైన భాగాల జంట, మొత్తం బరువు సుమారు 660 కిలోడాల్టన్లు. ఒక్కో భాగంలో 2,749 అమైనో ఆమ్లాలు, వాటిలో టైరోసిన్లు అరవై పైచిలుకు. థైరాయిడ్ కణాలు దీన్ని తయారుచేసి ఫాలికిల్ అనే చిన్న సంచి మధ్యలోని కొలాయిడ్ అనే జిగురు ద్రవంలోకి వదులుతాయి. కణానికీ కొలాయిడ్‌కూ సరిహద్దుగా ఉండే పొర దగ్గర థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో అయోడైడ్‌ను చురుకైన రూపానికి మార్చి టైరోసిన్ వలయానికి అతికిస్తుంది. మొదట మూడో స్థానంలో, ఆ తరువాత అయిదో స్థానంలో. అలా ముందు ఎంఐటీ, తరువాత డీఐటీ.

అరవై పైచిలుకు టైరోసిన్లలో సగం కూడా అయోడిన్ తీసుకోవు. తీసుకున్నవాటిలోనూ హార్మోనుగా మారేవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. అయోడిన్ చాలినంత అందే మనిషిలో ఒక్కో థైరోగ్లోబ్యులిన్ అణువులో సగటున 5 ఎంఐటీలు, 5 డీఐటీలు, రెండు మూడు టీ4లు, ఒకటి కంటే తక్కువే టీ3 ఉంటాయి. పరమాణువులు లెక్క వేయండి. ఎంఐటీ, డీఐటీల్లో 15 అయోడిన్లు. హార్మోన్లలో సుమారు 12. మీరు సగానికి పైగా అన్నది అందుకే.

ఇంత తక్కువ ఎందుకు జతకడతాయి అంటే, జతకట్టడానికి రెండు వలయాలు సరిగ్గా ఎదురెదురుగా రావాలి. ఒక డీఐటీ తన వలయాన్ని వదులుకోవాలి, రెండోది దాన్ని అందుకోవాలి. ఇచ్చినవాడి దగ్గర గొలుసులో మిగిలేది డీహైడ్రోఅలనిన్ అనే వట్టి మొండెం. అందుకున్నది థైరాక్సిన్ అవుతుంది, అదీ ఇంకా గొలుసులో అతుక్కునే. మనిషి థైరోగ్లోబ్యులిన్‌లో థైరాక్సిన్ ఎక్కువగా తయారయ్యే చోటు గొలుసు మొదట్లోనే ఉన్న అయిదో నంబరు టైరోసిన్. దానికి వలయం ఇచ్చేది 130వ నంబరు టైరోసిన్.

మీ రెండో ప్రశ్నకు, అంటే జతకట్టనివి ఏమవుతాయన్నదానికి, రేపు రాస్తాను. అసలు విశేషం అక్కడే ఉంది.


డల్లాస్_తెలుగు
శుక్రవారం, రాత్రి 11:25

మాస్టారు చెప్పినదానికి ఒక కొత్త విషయం జత చేస్తాను. 2020లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు మనిషి థైరోగ్లోబ్యులిన్ పూర్తి ఆకృతిని క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో చూపించారు, నేచర్ పత్రికలో వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి ఉంది. థైరాయిడ్‌తో ఏ సంబంధమూ లేని ఒక బ్యాక్టీరియా ప్రొటీన్ తీసుకుని, అందులో తగిన చోట జంట టైరోసిన్లను దగ్గర దగ్గరగా చొప్పించి, అయోడిన్, ఎంజైమ్ అందించారు. అది చక్కగా థైరాక్సిన్ తయారుచేసింది. అంటే కావలసినవి మూడు: టైరోసిన్లు దగ్గరగా ఉండడం, ఆ భాగం అటూ ఇటూ కదలగలగడం, నీటికి తెరిచి ఉండడం.

ఈ మూడూ కుదరని చోట అయోడిన్ చేరినా డీఐటీ దగ్గరే ఆగిపోతుంది.


జీవరసాయన_విద్యార్థిని
శనివారం, ఉదయం 7:05

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఇంకో అనుమానం. ఇంత పెద్ద ప్రొటీన్ ఎందుకు? విడి డీఐటీ అణువులు రెండిటిని కలిపితే థైరాక్సిన్ రాదా?


అణువుల_బడి
శనివారం, ఉదయం 8:30

వస్తుంది, కానీ అతి స్వల్పంగా. 1939లో ఫోన్ ముట్సెన్‌బెకర్ అనే జర్మన్ శాస్త్రవేత్త డీఐటీని కొద్దిగా క్షారగుణం ఉన్న ద్రావణంలో వెచ్చగా ఉంచి, కొంతకాలానికి అందులోంచి థైరాక్సిన్ వేరుచేశాడు. ఏ గ్రంథీ లేదు, ఏ ఎంజైమూ లేదు. డీఐటీయే థైరాక్సిన్‌కు ముడిసరుకు అన్న ఊహకు అది గట్టి ఆధారమైంది. ఆ ఏడాదే పాలలోని కేసిన్ ప్రొటీన్‌కు అయోడిన్ పట్టించి కూడా థైరాక్సిన్ రాబట్టారు. తరువాతి దశాబ్దంలో అలాంటి అయోడిన్ కేసిన్‌ను పాల దిగుబడి పెంచడానికి పాడి ఆవులకు తినిపించి చూశారు కూడా.

కాబట్టి రసాయన చర్య తనంతట తానే జరగగలదు. థైరోగ్లోబ్యులిన్ చేసేదల్లా దాన్ని సరైన చోట, సరైన వేగంతో జరిపించి, రెండు మూడు నెలలకు సరిపడా హార్మోనును గొలుసులోనే భద్రంగా దాచిపెట్టడం. ఇంకే హార్మోను గ్రంథికీ కణం బయట ఇంత నిల్వ లేదు.

ఇప్పుడు జతకట్టని డీఐటీ సంగతి. హార్మోను కావలసి వచ్చినప్పుడు కణం కొలాయిడ్‌ను కొంచెం కొంచెంగా మింగుతుంది. కణంలో జీర్ణం చేసే సంచుల్లాంటి లైసోజోముల్లో ప్రొటీన్ మొత్తం ముక్కలవుతుంది. టీ4, టీ3 విడుదలై రక్తంలోకి వెళతాయి. వాటితోపాటే ఎంఐటీ, డీఐటీ కూడా విడుదలవుతాయి. అవి గనక రక్తంలోకి వెళితే మూత్రంలో కొట్టుకుపోతాయి, వాటితోపాటు అయోడిన్ కూడా. గ్రంథి వాటిని వెళ్ళనివ్వదు. అయోడోటైరోసిన్ డీఅయోడినేజ్ అనే ఎంజైమ్ అక్కడే కాచుకుని ఉండి, రెండిటి నుంచీ అయోడిన్‌ను ఊడదీసి మళ్ళీ వాడకానికి పంపుతుంది. టైరోసిన్ కూడా తిరిగి వస్తుంది.

కంసాలి దుకాణంలో ఊడ్చిన దుమ్మును పారేయరు, అందులో బంగారం రజను ఉంటుంది కాబట్టి. గ్రంథి చేసేది అదే పని. మీరు వెచ్చించడం అన్నారు కదా, లెక్క చూస్తే అక్కడ వెచ్చం లేదు. అదే అయోడిన్ మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది.

ఇంకొకటి గమనించండి. ఈ ఎంజైమ్ టీ4, టీ3ల జోలికి పోదు. టీ4ను టీ3గా మార్చేవి వేరే డీఅయోడినేజ్‌లు, వాటికి సెలీనియం కావాలి. దీనికి కావలసింది ఎఫ్ఎంఎన్, అంటే రైబోఫ్లేవిన్ విటమిన్ నుంచి వచ్చే సహాయక అణువు. పరీక్షల్లో ఈ రెండిటినీ కలిపేసి రాసేవాళ్ళు చాలామంది.


తీరం_గాలి
శనివారం, మధ్యాహ్నం 1:15

నేను విశాఖలో సముద్ర జీవశాస్త్రం వైపు పనిచేస్తాను. ఈ చర్చ చూడగానే రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే డీఐటీ మొదట దొరికింది థైరాయిడ్‌లో కాదు, సముద్రంలో!

1896లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో ఎడ్మండ్ డ్రెక్సెల్ అనే రసాయన శాస్త్రవేత్త మధ్యధరా సముద్రపు గోర్గోనియా అనే మెత్తటి పగడపు జాతి అస్థిపంజరాన్ని విడగొట్టి, అందులోంచి అయోడిన్ ఉన్న ఒక అమైనో ఆమ్లాన్ని స్ఫటికాలుగా తీశాడు. ఆ జీవి పేరు మీదే దానికి పేరు పెట్టాడు. దాని నిర్మాణం ఏమిటో తేలడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. 1905లో అమెరికాలో వీలర్, జేమీసన్ అనే ఇద్దరు టైరోసిన్‌కు అయోడిన్ పట్టించి అదే పదార్థాన్ని తయారుచేసి చూపించారు. అప్పుడు తెలిసింది అది డైఅయోడోటైరోసిన్ అని.

గోర్గోనియాలు విసనకర్ర ఆకారంలో పెరుగుతాయి. మన దగ్గర మన్నార్ సింధుశాఖలో చాలా రకాలు ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ కింద రక్షణ పొందిన జీవులు ఇవి, కాబట్టి బీచ్ దుకాణాల్లో ఎక్కడైనా అమ్మకానికి కనిపిస్తే దయచేసి కొనకండి.

వాటికి థైరాయిడ్ లేదు, మనలాంటి హార్మోను వ్యవస్థా లేదు. అయినా గట్టి ప్రొటీన్ అస్థిపంజరంలో అయోడిన్ టైరోసిన్‌కు అతుక్కుని ఉంటుంది. స్పాంజిల్లో కూడా ఇదే సంగతి. మధ్యయుగాల యూరప్ వైద్యులు గొంతు వాపుకు కాల్చిన స్పాంజి బూడిద ఇచ్చేవారు. అయోడిన్ అనే మూలకం ఉందని కూడా ఎవరికీ తెలియని కాలం అది. 1811లో కుర్త్వా సముద్రపు నాచు బూడిదలోంచి అయోడిన్ కనిపెట్టాక, 1820లో జెనీవా వైద్యుడు క్వాందే దాన్ని నేరుగా గాయిటర్‌కు, అంటే ఆ గొంతు వాపుకు, వాడి చూశాడు.


పాత_పుస్తకాల_అర
శనివారం, సాయంత్రం 4:50

తీరం గారూ, ఆ 1896 సంవత్సరంలో ఇంకో ముఖ్యమైన విశేషం కూడా ఉంది. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఆయిగెన్ బౌమన్ థైరాయిడ్ గ్రంథిలో అయోడిన్ ఉందని ప్రకటించింది అప్పుడే. ఒకరు పగడంలో, ఒకరు గొర్రె థైరాయిడ్‌లో. ఈ రెండు దారులూ కలవడానికి ముప్ఫై ఏళ్ళకు పైగా పట్టింది.

కెండాల్ 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో థైరాక్సిన్ స్ఫటికాలు తీశాడు. కానీ నిర్మాణం తప్పుగా ఊహించాడు. 1926లో లండన్‌లో హారింగ్టన్ సరైన నిర్మాణం చెప్పాడు, మరుసటి ఏడాది బార్జర్‌తో కలిసి దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. థైరాక్సిన్ బొమ్మ గీసి చూస్తే రెండు డీఐటీలు అతికించినట్టే ఉంటుంది. అయితే డీఐటీ గ్రంథిలో ఉండి తీరాలి కదా? 1929లో హారింగ్టన్, రాండల్ గ్రంథి నుంచే డీఐటీని వేరుచేశారు. ఎంఐటీ 1948లో, టీ3 1952లో దొరికాయి. పగడంలో దొరికిన పదార్థం మన మెడలో కూడా ఉందని తేలడం ఎంత గొప్ప విషయం! ఇలాంటివి పాఠ్యపుస్తకాల్లో రాస్తే పిల్లలు ఎంత ఇష్టంగా చదువుతారో.


నెల్లూరు_అమ్మ
శనివారం, రాత్రి 8:20

మీ చర్చలో రసాయనం నాకు సగమే అర్థమైంది కానీ నా సమస్యకు దగ్గరగా ఉందనిపించి అడుగుతున్నాను. మా పాపకు అయిదేళ్ళు. పుట్టినప్పుడు మడమ నుంచి రక్తం తీసి థైరాయిడ్ పరీక్ష చేశారు, మామూలుగా ఉందన్నారు. నాలుగో ఏట మెడ ముందు భాగం ఉబ్బినట్టు కనిపించింది. అక్షరాలు నేర్చుకోవడంలో కూడా వెనకబడింది. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోను బాగా ఎక్కువ వచ్చింది, ఇప్పుడు థైరాక్సిన్ మాత్ర వేస్తున్నాం, వాపు తగ్గుతోంది. మాది మేనరికం.

పుట్టినప్పుడు పరీక్ష బాగుందన్నారు కదా, తరువాత ఎలా వచ్చిందని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేదు. ఇంకో సంగతి. టైరోసిన్, అయోడిన్ కలిపిన క్యాప్సూళ్ళు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, సహజంగా హార్మోను తయారవుతుందని రాశారు. పాపకు ఇవ్వవచ్చా?


శిశువైద్యం_కర్నూలు
శనివారం, రాత్రి 10:05

అమ్మా, ముందు క్యాప్సూళ్ళ సంగతి. ఇవ్వకండి. టైరోసిన్ కొరత వల్ల థైరాయిడ్ దెబ్బతినడం అనేది మామూలుగా జరగదు. పప్పు, పాలు, గుడ్డు, వేరుశనగ అన్నిటిలో అది ఉంటుంది, పైగా ఫినైల్‌అలనిన్ నుంచి శరీరమే తయారుచేసుకుంటుంది. అయోడిన్ మోతాదు మించితే గ్రంథి తయారీని ఆపేసే ప్రమాదం ఉంది. దీన్ని ఉల్ఫ్, చైకాఫ్ 1948లోనే చూపించారు. పాపకు మాత్ర పనిచేస్తోంది, దాన్నే పరగడుపున, రోజూ ఒకే వేళకు ఇవ్వండి. ఐరన్, కాల్షియం టానిక్కులు ఇస్తుంటే మాత్రకూ వాటికీ కనీసం నాలుగు గంటల ఎడం పాటించండి.

ఇక అసలు ప్రశ్న. నేను పాపను చూడలేదు కాబట్టి ఇదే జబ్బు అని చెప్పను. నాలుగేళ్ళ వయసులో గాయిటర్‌తో హైపోథైరాయిడిజం (థైరాయిడ్ హార్మోను తగ్గడం) రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. సొంత రోగనిరోధక వ్యవస్థే గ్రంథిని దెబ్బతీసే హషిమోటో వ్యాధి ఈ వయసులోనూ రావచ్చు, అందుకే టీపీవో (థైరాయిడ్ పెరాక్సిడేజ్) యాంటీబాడీ పరీక్ష చేస్తారు. అది లేదని తేలితే, మేనరికం కూడా ఉంది కాబట్టి, హార్మోను తయారీలోనే పుట్టుకతో ఏదో ఒక మెట్టు దగ్గర లోపం ఉందేమో చూడాలి. ఆ మెట్లలో ఒకటి ఈ చర్చలో మాస్టారు చెప్పిన ఎంజైమే.

ఐవైడీ అనే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటే ఆ ఎంజైమ్ పనిచేయదు. గ్రంథి హార్మోను చక్కగానే తయారుచేస్తుంది, కానీ ప్రతిసారీ ఎంఐటీ, డీఐటీలు మూత్రంలో పోతాయి, అయోడిన్ వాటి వెంటే పోతుంది. పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చిన అయోడిన్ ఉంటుంది కాబట్టి టీఎస్‌హెచ్ మామూలుగా రావచ్చు. నెలలు, ఏళ్ళు గడిచేకొద్దీ నిల్వ తరిగిపోతుంది, గ్రంథి ఉబ్బుతుంది, హార్మోను తగ్గుతుంది. అప్పటికి మెదడు ఎదిగే విలువైన కాలం కొంత గడిచిపోయి ఉంటుంది. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ జన్యు లోపాన్ని మొదటిసారి వివరించారు, దగ్గరి బంధువులు పెళ్ళి చేసుకున్న కుటుంబాల పిల్లల్లోనే. ఇది చాలా అరుదు. అరుదు కాబట్టే ఎవరూ వెతకరు, వెతకరు కాబట్టి ఇంకా అరుదుగా కనిపిస్తుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.


పాత_పుస్తకాల_అర
ఆదివారం, ఉదయం 6:40

ఈ లోపం జన్యువు దొరకకముందే అర్ధశతాబ్దం కిందటే గుర్తించారు. 1950ల్లో స్కాట్లండ్‌లో ఊరూరా తిరుగుతూ పాత్రలకు మాట్లు వేసుకుని బతికే ఒక సంచార సమూహంలో, తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళలో, పిల్లలకు గాయిటర్, బుద్ధి మాంద్యం ఎక్కువగా కనిపించాయి. గ్లాస్గో వైద్యులు మెక్‌గర్, హచిసన్ వీళ్ళను పరిశీలించారు. దాదాపు అదే సమయంలో స్టాన్‌బరీ బృందం నెదర్లాండ్స్‌లో ఇలాంటి రోగులనే పరిశీలించింది. పరీక్ష ఎంత తేటగా ఉందో చూడండి. రేడియోధార్మిక అయోడిన్ గుర్తు ఉన్న డీఐటీని ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఆరోగ్యవంతుల్లో అది విడిపోయి మూత్రంలో అయోడైడ్‌గా వస్తుంది. ఈ రోగుల్లో డీఐటీ డీఐటీగానే బయటకు వచ్చేస్తుంది. ఏ మెట్టు విరిగిందో ఒక్క మూత్రం సీసా చెప్పేసింది.


సహజ_జీవనం
ఆదివారం, ఉదయం 9:30

అందరూ అయోడిన్ గొప్పదనం చెబుతున్నారు. అయోడిన్ ఉప్పు వచ్చాకే కదా ఇంటింటా థైరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి? మా తాతల కాలంలో రాళ్ళ ఉప్పు తిన్నారు, ఎవరికీ ఈ జబ్బు లేదు. ఉప్పులో అయోడిన్ తప్పనిసరి చేయడం తప్పని నా అభిప్రాయం.


శిశువైద్యం_కర్నూలు
ఆదివారం, మధ్యాహ్నం 12:10

మీ మాటలో కొంత నిజం ఉంది, దాన్ని కాదనను. అయోడిన్ తక్కువగా ఉన్న సమాజానికి అయోడిన్ అందించినప్పుడు ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బులు కొంత పెరుగుతాయి. డెన్మార్క్‌లో 2000లో ఉప్పుకు అయోడిన్ చేర్చాక ఇది నమోదైంది. అయోడిన్ ఎక్కువ పట్టిన థైరోగ్లోబ్యులిన్‌ను రోగనిరోధక వ్యవస్థ త్వరగా పరాయిదిగా భావిస్తుందన్నది ఒక వివరణ. ఇంటింటా మాత్రలు కనిపించడానికి మాత్రం టీఎస్‌హెచ్ పరీక్ష చౌకగా, ఊళ్ళో ల్యాబుల్లో కూడా దొరకడం ముఖ్య కారణం. తాతల కాలంలో ఎవరూ కొలవలేదు.

కానీ తూకంలో రెండో వైపు ఏముందో చూడండి. అయోడిన్ అందని గర్భిణికి పుట్టిన బిడ్డ మెదడు దెబ్బతింటే దాన్ని తరువాత ఏ మందూ పూర్తిగా సరిచేయలేదు. హషిమోటో వస్తే రోజుకో మాత్ర ఉంది. ఈ రెండూ సమానం అని నేను ఎన్నటికీ ఒప్పుకోను.


అణువుల_బడి
ఆదివారం, మధ్యాహ్నం 3:00

ఉప్పు సంగతి వచ్చింది కాబట్టి ఒక తెలుగు మనిషిని తలుచుకోవాలి. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఆయన బృందం ప్రారంభించిన పరిశీలన ప్రపంచ ప్రసిద్ధం. సుమారు లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలు చేశారు. ఒకదానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, ఒకదానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. కొన్నేళ్ళలో మొదటి రెండు చోట్ల గాయిటర్ బాగా తగ్గింది, మూడో చోట తగ్గలేదు. అప్పుడు మూడో భాగానికి కూడా అయోడిన్ ఉప్పే ఇచ్చారు, అక్కడా తగ్గింది. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి పునాది ఇదే. మన వేడికి, తేమకు అయోడేట్ నిలుస్తుంది, అయోడైడ్ ఎగిరిపోతుంది. అందుకే మన ఉప్పులో ఉండేది అయోడేట్.

సహజ జీవనం గారూ, తాతల కాలంలో ఎవరికీ లేదన్నారు. కాంగ్రా పిల్లల్లో మూడోవంతు మందికి పైగా మెడ వాపు ఉండేది ఆ తాతల కాలంలోనే.

ఇక్కడ డీఐటీ కూడా కథలోకి వస్తుంది. అయోడిన్ తక్కువైనప్పుడు టైరోసిన్ వలయానికి రెండో అయోడిన్ చేరడం కష్టమవుతుంది. ఎంఐటీ పెరిగి డీఐటీ తగ్గుతుంది. ఎంఐటీ ఎక్కువ ఉంటే టీ4 కంటే టీ3 పాలు పెరుగుతుంది. నాలుగు అయోడిన్లు పెట్టాల్సిన చోట మూడుతో పని జరిపించుకుంటుంది గ్రంథి, పైగా టీ3కే చురుకుదనం ఎక్కువ. లోయల్లో తరతరాలు గాయిటర్‌తో బతికినవాళ్ళు కూడా పనులు చేసుకోగలగడానికి ఈ సర్దుబాటు ఒక కారణం. కడుపులో బిడ్డ మెదడుకు మాత్రం తల్లి రక్తంలోని టీ4 కావాలి. సర్దుబాటు విఫలమయ్యేది సరిగ్గా అక్కడే.


సహజ_జీవనం
ఆదివారం, సాయంత్రం 5:20

కాంగ్రా గురించి నాకు తెలియదు, చదువుతాను. ఊరగాయలకు మాత్రం మేం రాళ్ళ ఉప్పే వాడతాం.


శిశువైద్యం_కర్నూలు
ఆదివారం, సాయంత్రం 6:00

వాడండి, అందులో తప్పు లేదు. రోజువారీ కూరలో, పప్పులో, చారులో అయోడిన్ ఉప్పు ఉంటే చాలు. లెక్క ఇది. చట్టం ప్రకారం వినియోగదారుడి దగ్గర ఉప్పులో కనీసం 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15) అయోడిన్ ఉండాలి. రోజుకు 5 గ్రాముల ఉప్పు 30 పీపీఎంతో తింటే సరిగ్గా 150 మైక్రోగ్రాములు. నిల్వలో, వంటలో కొంత పోతుంది. అందుకని డబ్బా మూత బిగించి, పొయ్యికి దూరంగా పెట్టుకోవాలి.


నెల్లూరు_అమ్మ
ఆదివారం, రాత్రి 9:15

డాక్టరు గారూ, పాపకు టీపీవో యాంటీబాడీ పరీక్ష అప్పుడే చేశారు, లేవని వచ్చింది. స్కానింగ్‌లో గ్రంథి ఉండాల్సిన చోటే ఉంది, పెద్దదిగా ఉంది అన్నారు. ఇక్కడ చెప్పిన మూత్ర పరీక్ష మన దగ్గర చేస్తారా? ఇంకో మాట, నాకు ఇప్పుడు అయిదో నెల. పుట్టబోయే బిడ్డ గురించి భయంగా ఉంది.


డల్లాస్_తెలుగు
ఆదివారం, రాత్రి 10:30

అమ్మా, పరీక్ష సంగతి నేను చెబుతాను, మా పని మాస్ స్పెక్ట్రోమెట్రీయే. ఇప్పుడు రేడియోధార్మిక ఇంజెక్షన్ అక్కర్లేదు. కొద్దిగా మూత్రం తీసి, లిక్విడ్ క్రోమటోగ్రఫీలో వేరుచేసి, అణువుల బరువు కొలుస్తారు. ప్రోటాన్ చేరిన డీఐటీ 433.9 దగ్గర, ఎంఐటీ 308.0 దగ్గర కనిపిస్తాయి. డీఐటీని ఢీకొట్టి విరిస్తే 46 తగ్గి 388 దగ్గర ముక్క వస్తుంది. మూత్రంలో వేలకొద్దీ పదార్థాలు ఉన్నా ఈ జంట బరువులు రెండూ ఒకేసారి ఇచ్చేది దాదాపు ఇదొక్కటే. అయోడిన్‌కు స్థిరమైన ఐసోటోపు ఒక్కటే కాబట్టి గీత కూడా శుభ్రంగా వస్తుంది. మామూలు ల్యాబులు ఈ పరీక్ష చేయవు. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలను చూసే పెద్ద కేంద్రాలను మీ డాక్టరు ద్వారా అడగండి. అది కుదరకపోతే ఐవైడీ జన్యువు ఉన్న థైరాయిడ్ జన్యు పరీక్షల ప్యానెల్ ఒక దారి.

ఇంకొక మాట డాక్టరు గారికి. ఐవైడీ జన్యువు తొలగించిన ఎలుకల్లో పుట్టినప్పటి నుంచే మూత్రంలో ఎంఐటీ, డీఐటీ ఎక్కువగా ఉన్నాయి. ఆహారంలో అయోడిన్ చాలినంత ఉన్నంతవరకు హార్మోన్లు నిలకడగా ఉన్నాయి, అయోడిన్ తగ్గించగానే పడిపోయాయి. టీఎస్‌హెచ్ పట్టుకోలేని దశలోనే మూత్రం పట్టుకోగలదన్నమాట.


జీవరసాయన_విద్యార్థిని
ఆదివారం, రాత్రి 10:55

నా ప్రశ్న ఒక బిడ్డ దగ్గరకు చేరుతుందని అనుకోలేదు. అమ్మా, పాప త్వరగా కోలుకోవాలి. నా సెమినార్‌కు ఈ ఎంజైమ్‌నే తీసుకుంటున్నాను. మన దేశంలో నవజాత శిశువుల్లో హైపోథైరాయిడిజం ఎంత ఉంటుందో ఎవరైనా చెప్పగలరా?


శిశువైద్యం_కర్నూలు
ఆదివారం, రాత్రి 11:40

భారత వైద్య పరిశోధనా మండలి హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే సుమారు 1,130 మందిలో ఒకరికి ఉందని తేలింది. దక్షిణాదిలో ఇంకా ఎక్కువ. ఎక్కువమందిలో గ్రంథి సరిగా ఏర్పడకపోవడం, మిగిలినవారిలో తయారీ లోపాలు కారణం. మేనరికాలున్న చోట ఈ రెండో రకం పాలు పెరుగుతుంది. ఇంతమంది ఉన్నా అన్ని ఆసుపత్రుల్లో మడమ పరీక్ష తప్పనిసరి కాకపోవడం మనం మార్చుకోవలసిన విషయం.

నెల్లూరు అమ్మగారూ, భయపడకండి, చేయగలిగినవి ఉన్నాయి. పాపది జన్యు లోపమే అయితే, తల్లిదండ్రులిద్దరిలో ఒక్కో ప్రతి దెబ్బతిని ఉంటుంది. రెండో బిడ్డకు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, రాకుండా ఉండే అవకాశం మూడు వంతులు. వీలైతే ప్రసవానికి ముందే పాపకు జన్యు పరీక్ష చేయించండి, ఏ జన్యువో తెలిస్తే పుట్టిన బిడ్డకు ఆ ఒక్కటే చూస్తే చాలు. గర్భంతో ఉన్నప్పుడు మీకు రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. వంటలో అయోడిన్ ఉప్పే వాడండి. పాలు, గుడ్లు, చేపలు తినండి. విడిగా అయోడిన్ మాత్ర మీ డాక్టరు చెబితేనే వేసుకోండి. మీ టీఎస్‌హెచ్ కూడా ఒకసారి చూపించుకోండి.

బిడ్డ పుట్టాక మూడో రోజు ప్రాంతంలో మడమ పరీక్ష చేయించండి. అది మామూలుగా వచ్చినా అక్కడితో ఆపకండి. ఒక నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తరువాత మూడేళ్ళు నిండేవరకు అప్పుడప్పుడూ టీఎస్‌హెచ్ చూడమని మీ శిశువైద్యుణ్ణి అడగండి. అక్కకు ఏమైందో చెప్పే రిపోర్టులన్నీ ప్రసవానికి వెళ్ళేటప్పుడు ఫైలులో పెట్టుకుని తీసుకెళ్ళండి. పుట్టినప్పుడు పరీక్ష మామూలుగా ఉండి నాలుగో ఏట జబ్బు బయటపడిందన్న ముక్కను వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైలు మీదే పెట్టండి.